ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్

మన సంఘం గదిలో పొద్దున్నే పేపర్లు చదవడానికి చేరే పదిమందిమీ చదివేది తక్కువ, వాదించుకునేది ఎక్కువ. 2023 అక్టోబరులో గాజా యుద్ధం మొదలైన తరువాత ఆ వాదన పాలస్తీనా మీదికి మళ్లింది. డి.ఎ. బకాయిల సంగతి కూడా వెనకబడిపోయింది. ఒకనాడు మనలో వయసులో పెద్దవారు, రిటైరైన ఉపాధ్యాయులొకరు, ఒక ప్రశ్న వేశారు. ఇజ్రాయెల్‌ను విమర్శించే పాలస్తీనా రచయితలు ఎంతోమంది ఉన్నారు సరే, తమ నాయకుల తప్పును తమ జనం మధ్యనే నిలబడి చెప్పినవాడు ఒక్కడైనా ఉన్నాడా అని.

ఉన్నాడని నేను చెప్పాను. కువైట్‌లో చాలాకాలం పనిచేసి వచ్చిన మా మేనల్లుడి వల్ల ఆ పేరు నాకు తెలిసింది. నాజీ అల్ అలీ అని ఒక కార్టూనిస్టు. 1948లో సొంత ఊరు పోగొట్టుకుని పదేళ్ల వయసులో లెబనాన్‌లోని శరణార్థుల శిబిరానికి చేరినవాడు. పెద్దయ్యాక కువైట్ పత్రికల్లో, ఆ తరువాత లండన్‌లో బొమ్మలు వేశాడు. ఇజ్రాయెల్‌ను ఎంత వేళాకోళం చేశాడో అరబ్బు రాజులను, పాలస్తీనా విమోచన సంస్థ పెద్దలను కూడా అంతే చేశాడు. ఆయన బొమ్మల్లో ఒక చిన్న పిల్లవాడు మనకు వీపు చూపిస్తూ, చేతులు వెనక కట్టుకుని నిలబడి ఉంటాడు. 1987 జులై 22న లండన్ వీధిలో ఆయనను తుపాకితో కాల్చారు. ఆగస్టు 29న ఆసుపత్రిలో చనిపోయాడు. చంపించింది ఎవరో నేటికీ తేలలేదు. అవతలివారే అని కొందరు, సొంతవారే అని కొందరు.

అంత దూరం పోవడం ఎందుకు, అలాంటివాడు మన హైదరాబాదులోనే ఉండేవాడు కదా అని షోయబుల్లాఖాన్ పేరెత్తాను. నలుగురైదుగురు తలలూపారు. మిగిలినవారికి ఆ పేరు విన్నట్టుంది తప్ప వివరం తెలియదు. మన కార్యదర్శి గారు అప్పుడే పట్టుకున్నారు, ప్రత్యేక సంచికకు అదే రాసి ఇమ్మని. జీవితమంతా నోట్లు, డ్రాఫ్టులు రాసినవాడిని, వ్యాసం రాయడం అలవాటు లేదు. తప్పులుంటే మన్నించాలి.

షోయబుల్లాఖాన్ 1920 అక్టోబరు 17న అప్పటి వరంగల్ జిల్లాలోని సుబ్రవేడులో పుట్టాడు. తండ్రి హబీబుల్లాఖాన్ రైల్వే పోలీసు ఉద్యోగి, మానుకోట స్టేషనులో పనిచేసేవాడు. కొడుకు పుట్టిన రోజునే గాంధీగారు రైలులో ఆ స్టేషను మీదుగా వెళ్లారనీ, దూరం నుంచి ఆయనను చూసి ఇంటికి వచ్చిన తండ్రి, పిల్లవాడి ముఖంలో ఆ పోలిక కనిపించి షోయబుల్లా గాంధీ అని ముద్దుగా పిలుచుకున్నాడనీ ఒక కథ చెబుతారు. తేదీలు సరిచూసి చెప్పిన కథో, ప్రేమ కొద్దీ కల్పించిన కథో గాని, నిజాం ప్రభుత్వంలో ఒక ముస్లిం పోలీసు ఉద్యోగి ఇంట్లో గాంధీ పేరు ముద్దుపేరు అయిందంటే ఆ ఇల్లు ఎలాంటిదో ఊహించవచ్చు.

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఎ. చదివాడు. ఆ రోజుల్లో ఉస్మానియా పట్టా, ఉర్దూ మీద పట్టు, ప్రభుత్వోద్యోగి అయిన తండ్రి, ఈ మూడూ ఉన్న ముస్లిం యువకుడికి సర్కారు కొలువు కష్టమేమీ కాదు. మనలో చాలామందికి ఉద్యోగం ఎంత తిప్పలు పెడితే వచ్చిందో గుర్తు చేసుకుంటే, దొరికే ఉద్యోగాన్ని వద్దనుకున్నవాడి సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. ఆయన తేజ్ అనే ఉర్దూ వారపత్రికలో చేరాడు. ప్రభుత్వం దానిని మూయించింది. అక్కడి నుంచి మందుముల నరసింగరావు గారి సంపాదకత్వంలోని రయ్యత్ అనే ఉర్దూ పత్రికకు వెళ్లి ఉప సంపాదకుడుగా పనిచేశాడు. దానినీ ప్రభుత్వం మూయించింది.

ఇక్కడ ఒక్క సంగతి చెప్పాలి. తెలుగులో సురవరం ప్రతాపరెడ్డి గారు 1926 నుంచే గోలకొండ పత్రిక నడిపారు. ఆ పత్రిక చేసిన సేవ తక్కువది కాదు. కాని నిజాం రాజ్యంలో కచ్చేరీ భాష, కోర్టు భాష, కళాశాల భాష ఉర్దూ. తెలుగులో రాసిన విమర్శను అధికారి అనువాదం చేయించుకుని చదవాలి. ఉర్దూలో రాస్తే పొద్దున చాయ్ తాగుతూ తనే చదువుతాడు, ఇంట్లోవాళ్లూ చదువుతారు. నేను తాలూకా ఆఫీసులో చేరిన కొత్తలో మా సూపరింటెండెంటు గారు ఉర్దూ మీడియంలో చదివినవారు. పాత సేత్వార్లు, ఫైసల్ పట్టీలు మాకందరికీ చదివి అర్థం చెప్పేది ఆయనే. నాకు ఉర్దూ అక్షరాలు నేర్పింది కూడా ఆయనే. షోయబుల్లాఖాన్ పేరు మొదటిసారి విన్నది ఆయన నోటనే. విద్యార్థిగా నగరంలో ఉన్నప్పుడు ఇమ్రోజ్‌ను ఇంకో పేపరు మడతలో పెట్టుకుని చదివేవారట. రయ్యత్ రాసినా, ఇమ్రోజ్ రాసినా సర్కారుకు అంత కోపం రావడానికి కారణం ఆ భాషే అని ఆయన అనేవారు. పరాయివాడు తిడితే పట్టించుకోకుండా ఉండవచ్చు, మన ఇంటి భాషలో మన ఇంటివాడే తప్పు చెబితే ఊరుకోలేరు.

1947 ఆగస్టు 15న దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. హైదరాబాదు సంస్థానం మాత్రం ఎటూ చేరకుండా ఉండిపోయింది. మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ నాయకత్వం లాతూరు వకీలు ఖాసిం రజ్వీ చేతిలో ఉంది. ఆయన రజాకార్లు పల్లెల్లో ఏం చేశారో మన జిల్లాలో పెద్దవాళ్లు ఉన్న ప్రతి ఇంటా విన్నదే. మన ఇబ్రహీంపట్నంలో ఆ నెలల్లో చీకటి పడ్డాక దీపం పెట్టడానికి కూడా భయపడేవాళ్లమని మా అమ్మ చెప్పేది. నేను అప్పటికి పుట్టలేదు.

అలాంటి సమయంలో 1947 నవంబరు 15న షోయబుల్లాఖాన్ సొంతంగా ఇమ్రోజ్ ప్రారంభించాడు. ఇమ్రోజ్ అంటే ఈ రోజు అని అర్థం, తెలుగులో ఈనాడు అనవచ్చు. ఇప్పటి ఈనాడు పత్రికతో దీనికి సంబంధం లేదు, పిల్లలు పొరబడతారని చెబుతున్నాను. అది వచ్చిన రెండు వారాలకు, నవంబరు 29న, నిజాముకూ భారత ప్రభుత్వానికీ యథాతథ ఒడంబడిక కుదిరింది. సరిగ్గా ఆ రోజునే ఐక్యరాజ్యసమితి పాలస్తీనాను రెండుగా విభజించే తీర్మానం చేసింది. ఒకే తేదీన రెండుచోట్లా పెద్దవాళ్లు కాగితాల మీద సంతకాలు పెట్టి, చేతులెత్తి, సమస్య తీరిందని అనుకున్నారు. తరువాతి సంవత్సరం రెండుచోట్లా నెత్తురు పారింది. ఇంతకు మించి పోలిక చెప్పను. అక్కడి కథ వేరు, ఇక్కడి కథ వేరు. తీర్మానాలు ఎవరు చేసినా, వీధిలో జరుగుతున్నది జనానికి చెప్పేవాడు ఒకడు కావాలి. అది మాత్రం రెండుచోట్లా ఒకటే.

ఇమ్రోజ్‌కు డబ్బు ఎక్కడిది? బూర్గుల రామకృష్ణారావు గారు సహాయం చేశారు. ఆయన పెద్ద వకీలు, ఉర్దూ, పారశీకాల్లో పండితుడు, కాంగ్రెసు నాయకుడు, 1952లో హైదరాబాదు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. వారి ఇంటిపేరైన బూర్గుల గ్రామం మన రంగారెడ్డి జిల్లాలోనే, షాద్‌నగర్ దగ్గర ఉంది. తల్లి నగలు, భార్య నగలు కూడా పత్రిక కోసం అమ్మాడని ఆయన గురించి రాసినవారు అందరూ చెబుతారు. కార్యాలయం కాచిగూడలో పెట్టాడు.

కాంగ్రెసు నాయకుడి సహాయంతో నడిచిన పత్రిక స్వతంత్ర పత్రిక ఎలా అవుతుందని మా గదిలో ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆనాడు రజ్వీ పక్షంవారు అన్నది కూడా అదే, భారత ప్రభుత్వానికి అమ్ముడుపోయాడని. ఆయనకు ఒక పక్షం ఉండేది, హైదరాబాదు భారతదేశంలో కలవాలనేది. దానిని దాచుకోలేదు. పక్షం లేనివాడే స్వతంత్రుడంటే గోడకు కొట్టిన మేకు కూడా స్వతంత్రమే. తనను కొని చదివేవాళ్లకు ఇష్టం లేని మాట రాయగలిగాడా లేదా అనేదే నేను చూసేది. పత్రిక అమ్ముడుపోవాలంటే ఉర్దూ చదివే నగరవాసులకు అప్పుడు ఏది తియ్యగా ఉండేదో ఆయనకు తెలియదా? నిజాముకు జయం, రజాకార్లకు జయం అంటే చాలు. ఆయన పల్లెల్లో రజాకార్లు చేస్తున్న దోపిడీలు, హత్యలు ఊళ్ల పేర్లతో అచ్చువేశాడు. పగలు ఒక సర్కారు, రాత్రి ఇంకొక సర్కారు నడుస్తున్నదనే అర్థంతో రాసిన సంపాదకీయం చాలా పేరు పొందింది. రాజ్యంలో ముస్లింలు తక్కువమంది, హిందువులు ఎక్కువమంది. బలంతో ఎన్నాళ్లు నిలుస్తుంది, రేపు దీని ఫలితం అనుభవించేది సామాన్య ముస్లిం కాదా అన్నది ఆయన బాధ. తన వారి మీద ద్వేషంతో రాసినవాడు కాదు, తన వారికి ఏమవుతుందోనన్న భయంతో రాసినవాడు.

ఈ దగ్గర నా సంగతి ఒకటి చెప్పక తప్పదు. గుమస్తా ఉద్యోగంలో నోట్ ఫైలు అని ఒకటి ఉంటుంది. రికార్డు చూసి ఉన్నది ఉన్నట్టు రాయడం గుమస్తా పని. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం అధికారి ఇష్టం. కాని నోట్ ఫైలులో ఉండిపోతుంది. 1980ల చివరలో ఒక చెరువు శిఖం భూమి ఫైలు నా సీటుకు వచ్చింది. ఏ ఊరో, ఏ ఆఫీసో చెప్పను. పాత ఉర్దూ రికార్డు నేనే చదివాను, అది శిఖం అని స్పష్టంగా ఉంది. అలాగే నోట్ పెట్టాను. పై అధికారి పిలిచి, కాగితం మీద ఏమీ రాయకుండా, నోటితో ఒక మాట చెప్పాడు. నేను ఆ కాగితం తీసేసి ఇంకో నోట్ పెట్టాను. నన్నెవరూ తుపాకితో బెదిరించలేదు. మహా అయితే దూరపు ఊరికి బదిలీ చేసేవారు. పిల్లల చదువు సాకు చెప్పుకున్నాను. ఆ భూమిలో ఇప్పుడు ఇళ్లు ఉన్నాయి. వర్షాకాలంలో వాటిలోకి నీళ్లు వచ్చినప్పుడల్లా టీవీలో చూస్తుంటాను. షోయబుల్లాఖాన్ గురించి రాయడానికి నాకు అర్హత ఉందా అని కార్యదర్శి గారిని అడిగింది ఇందుకే. ఆయన అది వినయమనుకున్నారు.

1948 వేసవి దాటేసరికి హైదరాబాదులో ఏదో జరగబోతున్నదని అందరికీ తెలిసిపోయింది. ఆగస్టు నెలలో ఏడుగురు ముస్లిం పెద్దలు, వారిలో ప్రభుత్వ కొలువు చేసినవారూ ఉన్నారు, సంస్థానం భారతదేశంలో చేరాలని, రజాకార్లను రద్దు చేయాలని బహిరంగ ప్రకటన చేశారు. మన పెన్షనర్లు ఇది గమనించాలి. పెన్షన్ ఇచ్చే సర్కారు ఇంకా గద్దె మీద ఉండగానే వాళ్లు ఆ మాట అన్నారు. ఇమ్రోజ్ ఆ ప్రకటన అచ్చువేసింది. అప్పటికే షోయబుల్లాఖాన్‌కు బెదిరింపు ఉత్తరాలు వస్తున్నాయి. నరసింగరావు గారి లాంటి పెద్దలు జాగ్రత్తగా ఉండమని చెప్పారు. ఆయన జాగ్రత్త పడలేదు, పత్రికా ఆపలేదు. ఆగస్టు 19న నగరంలోని జమ్రూద్ మహల్‌లో జరిగిన సభలో, తమకు వ్యతిరేకంగా లేచే చేతులు తెగి పడాలనే ధోరణిలో ఖాసిం రజ్వీ ప్రసంగించాడు.

ఆగస్టు 21 అర్ధరాత్రి. పత్రిక పని ముగించుకుని షోయబుల్లాఖాన్ కాచిగూడ కార్యాలయం నుంచి నడిచి ఇంటికి బయలుదేరాడు. వెంట బావమరిది ఇస్మాయిల్‌ఖాన్, పత్రిక నిర్వహణ చూసేది ఆయనే. లింగంపల్లి చౌరస్తా దగ్గరికి వచ్చారు. రైల్వే స్టేషను ఉన్న శేరిలింగంపల్లి కాదు, కాచిగూడ, బర్కత్‌పుర పక్కనున్న లింగంపల్లి. వెనక నుంచి పిలిచి ఆపారు, తుపాకితో కాల్చారు. పడిపోయిన తరువాత చేతిని నరికారు. అడ్డుపడిన ఇస్మాయిల్‌ఖాన్ చేయి కూడా నరికారు. తెల్లవారకముందే, అంటే 22వ తేదీన, షోయబుల్లాఖాన్ ప్రాణం పోయింది. ఇరవై ఎనిమిదేళ్లు ఇంకా నిండలేదు. ఇమ్రోజ్ మొదలై తొమ్మిది నెలలు దాటి ఒక వారం. గోషామహల్ దగ్గరి ఖబరస్తాన్‌లో ఖననం చేశారు.

ఇస్మాయిల్‌ఖాన్ బతికాడు. షోయబుల్లాఖాన్ మీద రాసిన వ్యాసాలన్నింటిలో ఆయన పేరు ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది. అదే వీధిలో, అదే రాత్రి, అదే పత్రిక కోసం చేయి పోగొట్టుకున్న మనిషి. నేనూ రెండు వాక్యాలే రాయగలుగుతున్నాను.

సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయాడు. హత్య జరిగిన ఇరవై ఆరో రోజు అది. రజ్వీని అరెస్టు చేశారు, విచారణ జరిపారు, జైలులో పెట్టారు. 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు.

సాధారణంగా ఆయన జీవిత కథ ఇక్కడితో ఆపేస్తారు. నాకు మాత్రం ఆ తరువాతి నెలల గురించే ఎక్కువ ఆలోచన వస్తుంది. పోలీసు చర్య తరువాత మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో, మన తెలుగు జిల్లాల్లో కొన్నిచోట్ల, రజాకార్లతో ఏ సంబంధమూ లేని ముస్లింలను కూడా పెద్ద సంఖ్యలో చంపారు, ఇళ్లు దోచారు. ఏ భయంతో షోయబుల్లాఖాన్ రాశాడో అదే జరిగింది. నెహ్రూ గారు పండిట్ సుందర్‌లాల్ నాయకత్వంలో ఒక కమిటీని పంపారు. ఆ కమిటీ 1948 నవంబరు, డిసెంబరు నెలల్లో జిల్లాలు తిరిగి నివేదిక ఇచ్చింది. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని లెక్క వేసింది. ఆ నివేదికను అచ్చువేయలేదు. 2013 వరకు అది మామూలు మనిషి చేతికి రాలేదు. నోట్ ఫైలులో నిజం రాసి, ఫైలును అల్మారాలో పెట్టి తాళం వేశారన్నమాట. ఆ కమిటీ సభ్యులలో ఒకరు ఖాజీ అబ్దుల్ గఫార్ గారు. ఆయన కూడా హైదరాబాదులో పయామ్ అనే ఉర్దూ పత్రిక నడిపిన సంపాదకుడే, ఆయనా స్వతంత్రంగా రాసినవాడే. ఒక ఉర్దూ సంపాదకుడు రజాకార్ల పాపం రాసి చచ్చిపోయాడు. ఇంకొక ఉర్దూ సంపాదకుడు వాళ్ల తరువాతివారి పాపం రాసి సంతకం పెట్టాడు. ఇద్దరినీ ఒకే వ్యాసంలో చెప్పినవారు నాకు కనిపించలేదు.

షోయబుల్లాఖాన్ బతికి ఉంటే అక్టోబరు నెల ఇమ్రోజ్‌లో ఏం రాసేవాడు? తనకు సహాయం చేసినవాళ్లు అధికారంలోకి వస్తున్న రోజులవి. పోలీసు చర్యను మెచ్చుకుని, చంపిన సంగతి వదిలేసేవాడా? చెప్పలేం. తొమ్మిది నెలల పత్రిక చూసి నేనైతే రాసేవాడనే అనుకుంటున్నాను. మా గదిలో ఇద్దరు ఒప్పుకోలేదు. ఆ పరీక్ష ఆయనకు రానివ్వకుండానే చంపేశారు, కాబట్టి వాళ్ల మాట కాదనడానికి నా దగ్గర రుజువు లేదు.

ఏటా సెప్టెంబరు 17 వచ్చేసరికి ఆ తేదీకి ఏ పేరు పెట్టాలనే తగాదా కూడా వస్తుంది. 2022లో కేంద్రం విమోచన దినమని, రాష్ట్రం సమైక్యతా దినమని ఒకే రోజున వేర్వేరు సభలు జరిపాయి. 2024లో రాష్ట్రం ప్రజాపాలన దినోత్సవమని పేరు మార్చింది. ప్రతి సభలోనూ షోయబుల్లాఖాన్ పేరు చెబుతారు. ముస్లిం అయి ఉండి కూడా రజాకార్లను ఎదిరించాడని ఒకరు పొగుడుతారు. ఆ అయి ఉండి కూడా అనే మాట నాకు నచ్చదు. ఆయన ముస్లిం కాబట్టే, ఆ జనంలో ఒకడు కాబట్టే ఎదిరించాడు. అందుకే అది అంత కష్టమైంది. నాజీ అల్ అలీకి కూడా అంతే, పాలస్తీనా బాధ ఆయన సొంత బాధ కాబట్టే పాలస్తీనా నాయకుల మీద బొమ్మ వేసే హక్కు ఉందనుకున్నాడు.

మా సూపరింటెండెంటు గారు చనిపోయి చాలా ఏళ్లయింది. ఆయన దగ్గర ఇమ్రోజ్ పాత ప్రతి ఒకటి ఉండేదని అనేవారు, నేను చూడలేదు. వారి పిల్లలు ఇల్లు ఖాళీ చేసినప్పుడు పాత కాగితాలన్నీ కిలో లెక్కన అమ్మేశారు. మన సభ్యుల ఇళ్లలో పాత ఉర్దూ పత్రికలు, కాగితాలు ఏవైనా ఉంటే, చదవడం రాదని పారేయకుండా ఒకసారి సంఘం గదికి తెండి. నాకు ఉర్దూ ఇప్పటికీ నెమ్మదిగా చదవడం వస్తుంది.

ఈ ఆగస్టు 22న నేను, ఆ ప్రశ్న వేసిన ఉపాధ్యాయులు, ఇంకొక మిత్రుడు పొద్దున ఇబ్రహీంపట్నం నుంచి కోఠి బస్సులో బయలుదేరి గోషామహల్ ఖబరస్తాన్‌కు వెళ్లాలనుకుంటున్నాం. తిరుగు దారిలో కాచిగూడ లింగంపల్లి చౌరస్తా దగ్గర కాసేపు ఆగుతాం. మోకాళ్ల నొప్పులు లేనివారు, ఉన్నా ఫరవాలేదనుకునేవారు, 18వ తేదీలోగా కార్యదర్శి గారికి పేరు ఇవ్వండి. టిఫిను ఎవరిది వారే తెచ్చుకోవాలి.